మధ్యలో స్టూలు

కంట్లో చుక్కలు వేశాక కాసేపు రెప్పలు మూసి ఉంచాలి. ఆ కాసేపూ అమ్మ లోకంలో ఉండదు. చెవులు పుట్టుకతోనే వినపడవు. కళ్ళు కూడా మూస్తే ఇక మిగిలేది చర్మం ఒక్కటే. అందుకని చుక్క పడగానే చెయ్యి చాచి కూతురి మణికట్టు పట్టుకుంటుంది. పట్టు బిగువుగా ఉంటుంది. కూతురు ఆ పట్టులోనే నిలబడి, ఖాళీగా ఉన్న చేత్తో సీసాకి మూత పెట్టి, చల్లారిపోతున్న కాఫీ అందుకుని తాగుతుంది.

ఆ ఉదయం కూడా అలాగే తాగింది. బస్సుకి వేళవుతోంది. అమ్మ రెప్పల కింద గుడ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. కంటి ఆపరేషన్ అయిన దగ్గర నుంచి ఆ మొహంలో కొత్త నునుపు వచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం మొనదేలింది. చేతులు మాత్రం మారలేదు. మరమగ్గాల షెడ్డులో ముప్పాతిక జీవితం దారాలు ముడేసిన చేతులు. ఆ హోరుకి అక్కడ అందరికీ తలపోటు వచ్చేదట. అమ్మ ఒక్కతే చల్లగా పని చేసుకుపోయేది. "అదృష్టవంతురాలమ్మా మీ అమ్మ" అని మేస్త్రీ ఒకసారి, అప్పటికింకా చిన్నపిల్ల అయిన కూతురితో అన్నాడు. పిల్ల ఆ మాటని అమ్మకి చేతులతో చెప్పింది, "నువ్వు బాగా పని చేస్తావంటున్నాడు" అని.

అమ్మ కళ్ళు తెరిచింది. మణికట్టు వదిలింది. వదిలాక తిన్నగా వంటింటి గోడ వైపు చూసింది. అక్కడ, పొయ్యి పక్కన, చేతికందే ఎత్తులో, ఎర్ర బల్బు ఉంది. వీధి తలుపు దగ్గర గంట నొక్కితే ఈ ఇంట్లో గంట మోగదు, ఆ బల్బు వెలుగుతుంది. పోపు జిడ్డు పట్టి ఇప్పుడది ఎరుపో గోధుమరంగో చెప్పలేనట్టుంది.

"దాన్ని తీసెయ్యి" అంది అమ్మ చేతులతో.

"ఎందుకు? కళ్ళకి గుచ్చుతోందా?"

"లేదు."

"మరి నేనొస్తే నీకెలా తెలుస్తుంది?"

"నీ దగ్గర తాళం చెవి ఉంది." అమ్మ చేతులు ఒక క్షణం గాలిలో ఆగి, మళ్ళీ కదిలాయి. "అది నీ కోసం పెట్టింది కాదు."

కూతురు గ్లాసు బల్ల మీద పెట్టింది. ఏదో అడగాలని చేతులు లేచాయి గానీ, ఏం అడగాలో వాటికి తెలియలేదు. బ్యాగు భుజాన వేసుకుంది. దాని జిప్పు సగంలో నోరు తెరుచుకుని ఆగిపోయి చాలా రోజులైంది. "సాయంత్రం మాట్లాడదాం" అంది.

అమ్మ ఈగని తోలినట్టు చెయ్యి ఆడించింది. నీకెప్పుడూ సాయంత్రమే అని దానికి అర్థం.

బస్సులో నిలబడే చోటు దొరికింది. యాభై దాటిన మోకాళ్ళు మలుపు మలుపుకీ తమ ఉనికి చెప్పుకుంటున్నాయి. ఆమె ఆసుపత్రిలో కౌన్సిలర్. ఒకరికొకరు పడక వచ్చే మొగుడూ పెళ్ళాలనీ, తండ్రీ కొడుకులనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం ఆమె పని. పోయిన వారం అమ్మని కంటి డాక్టరుకి చూపించి, తన గది బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. తలుపుకి చిన్న అద్దం ఉంది. అమ్మ ఆ అద్దంలోంచి లోపల జరుగుతున్నదంతా చూసిందని ఆమెకి అప్పుడు తెలియదు. ఇంటికొచ్చి అన్నం తింటూ, ముద్ద పక్కన పెట్టి, అమ్మ చెయ్యి కడుక్కుంది. ఎంగిలి చేత్తో అమ్మ ఎప్పుడూ మాట్లాడదు.

"అతను ఇంతే చెప్పాడు" అని వేలి కొస చూపించింది. తరువాత రెండు చేతులూ బారచాపింది. "నువ్వు ఇంత చెప్పావు. ఆ అమ్మాయి నిన్ను చూసి నవ్వింది. అతన్ని చూడలేదు."

"అది నా పని" అంది కూతురు.

"నేనూ మొదట్లో నిన్నే చూసేదాన్ని. తరువాత వాళ్ళ మొహాలు చూడటం నేర్చుకున్నాను."

అంతే అంది. మళ్ళీ అన్నం కలుపుకుంది. ఆ మాట ముల్లులా దిగి వారమంతా లోపలే ఉంది. తీద్దామంటే మొన కనిపించదు, వేలు తగిలితే మాత్రం కలుక్కుమంటుంది.

ఆమె గది ఒకప్పుడు పాత పరుపులు పడేసే గది. ఇప్పుడు రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్యలో, కాస్త వెనక్కి జరిపి, ఒక స్టూలు. ఆమె కూర్చునేది దాని మీద. మొహం కిటికీ వైపు ఉండేలా, వెలుతురు తన మీద పడేలా కూర్చుంటుంది. వెలుతురికి వీపు పెట్టి మాట్లాడేవాళ్ళంటే ఆమెకి చిన్నప్పటి నుంచీ పడదు. వాళ్ళ మొహం నల్లటి ముద్దలా ఉండి అమ్మకి ఏమీ అందేది కాదు. పని నేర్పిన పెద్ద డాక్టరు ఆ స్టూలు చూసి విసుక్కునేవాడు. "వాళ్ళ మాట వీళ్ళకీ వీళ్ళ మాట వాళ్ళకీ మోసుకెళ్ళడానికి నువ్వు కౌన్సిలర్‌వా, దుబాసీవా?" అనేవాడు. దుబాసీ అన్న పేరు అలాగే నిలిచిపోయింది. డాక్టరు రిటైరైపోయాడు గానీ స్టూలు ఉంది.

పొద్దుటి పూట ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. ఇద్దరిదీ ఒకటే సైకిళ్ళ దుకాణం.

"వీడు దండగమ్మా" అన్నాడు తండ్రి. "తిండికి ముందు, పనికి వెనక."

ఆమె చేతులు రెండూ ఒళ్ళోంచి లేచాయి. కొడుకు వైపు తిరిగింది. "నాన్నగారికి మీ గురించి బెంగ. తన తరువాత దుకాణం ఎవరు చూస్తారా అని."

కొడుకు తండ్రి వైపు అనుమానంగా చూశాడు. "ఆయన అలా అన్నాడా?"

"అదే అన్నా" అన్నాడు తండ్రి, గొంతు తగ్గించి. అనలేదని అతనికీ తెలుసు. కానీ ఎవరో ఇస్త్రీ చేసి తెచ్చిన తన చొక్కాలాగా ఆ మాట అతనికి నచ్చింది. తొడుక్కున్నాడు.

ఇలాగే జరుగుతుంది ఎక్కువగా. మాట గరుకుగా ఈ పక్క నుంచి వస్తుంది, ఆమె నోట్లో నునుపు తేలి ఆ పక్కకి వెళుతుంది. జనం ఆమె పేరు చెప్పుకుని వెతుక్కుంటూ వస్తారు. సాయంత్రానికి మాత్రం దవడలు పీకుతాయి. పెళ్ళి చేసుకోలేదేమని ఎవరైనా అడిగితే తీరలేదని నవ్వేది. అసలు సంగతి వేరు. తనదంటూ ఒక మాట చెప్పవలసి వస్తే అది ఏ వైపు తిరిగి చెప్పాలో ఆమెకి తెలియదు.

టోకెన్లు ఇచ్చే ఆవిడ తలుపు సందులోంచి తల పెట్టింది. "ఎడమొహం పెడమొహం జంట వచ్చేశారు మేడమ్. ఆవిడ లిఫ్టులో, ఆయన మెట్ల మీద."

"లిఫ్టు మెకానిక్ మెట్లెక్కడమేమిటండీ?"

"లోపల ఏముందో తెలిసినవాడు ఎక్కుతాడా మేడమ్. హోటలు వంటవాడు ఇంటికెళ్ళి తిన్నట్టు."

ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ఆవిడకి బ్యాగులూ గొడుగులూ బాగు చేసే చిన్న కొట్టు ఉంది. వేళ్ళ కొసలు సూదులు గుచ్చుకుని గట్టిపడ్డాయి. అతను పొడవాటి మనిషి. గోళ్ళ కింద గ్రీజు, ఎంత కడిగినా పోనిది. కంపెనీ అతన్ని వేరే ఊరికి మార్చింది. తనూ వెళ్ళాలా, కొట్టు నడుపుకుంటూ ఇక్కడే ఉండాలా అన్నది ఆవిడ కొన్ని నెలలుగా ఈ కుర్చీలో కూర్చుని అడుగుతున్న ప్రశ్న. అసలు ప్రశ్న అది కాదు. ఆయనకి నేను కావాలా అన్నది ప్రశ్న.

"కొట్టు ఇచ్చేస్తున్నాను మేడమ్" అంది ఆవిడ. మొహం వెలిగిపోతోంది. తాళాల గుత్తి తీసి చూపించింది. "సాయంత్రం అద్దెకి తీసుకునేవాళ్ళు వస్తారు. మిషను కూడా వాళ్ళకే ఇచ్చేస్తున్నా. మీరు పోయినసారి చెప్పాక ఇంక ఆలోచించలేదు. మీకొక మాట చెప్పి వెళదామని."

కౌన్సిలర్ ఆ గుత్తి వైపు చూసింది. పోయినసారి తను ఏం చెప్పిందో గుర్తుంది. అతను ఏమన్నాడో ఇంకా బాగా గుర్తుంది. వస్తే రానీ, లేకపోతే లేదు, నాకేం తేడా లేదు అన్నాడు. తను చేతులు తిప్పి, ఆవిడ వైపు వంగి, "మిమ్మల్ని బలవంతపెట్టడం ఆయనకి ఇష్టం లేదు. మీరు ఎక్కడున్నా ఆయన మనసులో మార్పుండదు. మీ ఇష్టాన్ని అంత గౌరవిస్తున్నారు" అంది. ఆవిడ నవ్వింది. అద్దం అవతల అమ్మ చూసింది.

"మీరేమంటారు?" అంది కౌన్సిలర్ అతన్ని.

అతను కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "చెప్పాను కదండీ. వస్తే రానీ, లేకపోతే లేదు. నాకేం తేడా లేదు."

ఆవిడ అలవాటుగా కౌన్సిలర్ వైపు తిరిగింది. పెదవుల మీద నవ్వు సగం సిద్ధంగా ఉంది. మిగతా సగం ఈ స్టూలు మీద నుంచి రావాలి.

కౌన్సిలర్ చేతులు లేచాయి.

లేచిన ఆ చేతులు ఆమెకి చాలా చిన్నవిగా కనిపించాయి. గాజులు మోచేతి దాకా జారే చేతులు. ఆ రోజు ఇంటి గుమ్మంలో నాన్న నిలబడ్డాడు, వెలుతురికి వీపు పెట్టి. చేతిలో సంచి. నాన్న ఎన్నడూ సైగలు నేర్చుకోలేదు. ఇంట్లో పిల్ల ఉండగా తనకెందుకు. "మీ అమ్మకి చెప్పు. నేనింక రాను. నా కోసం చూడొద్దని చెప్పు." అమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ పిల్ల మొహంలోకి చూస్తోంది. ఇలాగే, సగం నవ్వుతో. పిల్ల చేతులు లేపింది. పని దూరం ఊళ్ళో అట. వస్తాడట. అమ్మ తల ఊపి, గబగబా లోపలికి వెళ్ళి, నాన్న గొడుగు తెచ్చి చేతికిచ్చింది. నాన్న నివ్వెరపోయాడు. ఇంత తేలిగ్గా వదిలేస్తుందని అనుకోలేదు. గొడుగు తీసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే అమ్మ కరెంటు పనివాణ్ణి పిలిపించి వంటింట్లో ఎర్ర బల్బు పెట్టించుకుంది. నాన్న ఏ వేళప్పుడో వచ్చి తలుపు తడితే తనకి వినపడదు కదా.

కౌన్సిలర్ చేతులు దించింది. దించినా ఊరుకునేలా లేవు. తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"ఆయన అన్నది విన్నారు కదా" అంది.

"విన్నాను." ఆవిడ ఇంకా ఎదురుచూస్తోంది. "అంటే?"

"అంటే అదే."

ఆవిడ మొహంలో నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియని వస్తువులా కాసేపు అలాగే ఉండిపోయింది. తరువాత నెమ్మదిగా, ఈ గదిలోకి వచ్చిన తరువాత మొదటిసారి, ఎదుటి కుర్చీ వైపు తిరిగింది.

"నిజమేనా?"

అతను అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "ఇంటికెళ్ళాక ఈవిడ మాటలన్నీ నువ్వు నాకు మళ్ళీ అప్పచెప్తావు. మీరలా అన్నారు, మీరిలా అన్నారు అని. నేనెప్పుడన్నానబ్బా అనుకుంటాను. బాగున్నాయి కదా, ఉండనీలే అని ఊరుకుంటాను." కౌన్సిలర్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది. "మీరు చెప్పినంత మంచివాణ్ణి కాదు మేడమ్ నేను. ఆ మనిషెవరో గానీ, వాడితో పోటీ పడలేక చస్తున్నాను."

"నేనంటే కోపమా?" అంది ఆవిడ.

"కోపం ఉంటే బాగుండును. ఏమీ లేదు. లిఫ్టు బోను తీసేసిన గుంత చూశావా ఎప్పుడైనా? తలుపు ఉంటుంది, మీట ఉంటుంది. నొక్కితే ఏదీ రాదు."

ఆవిడ చాలాసేపు అతని మొహం చూసింది, తెగిన కుట్టు ఎక్కడ మొదలైందో వెతుకుతున్నట్టు. తరువాత కౌన్సిలర్‌ని అడిగింది. "మీకు ముందే తెలుసా మేడమ్?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

చెప్పడానికి మంచి మాటలు చాలా ఉన్నాయి. అవి వరసగా వచ్చి నోటి దగ్గర నిలబడ్డాయి. "చెప్పడం చేతకాలేదు" అంది కౌన్సిలర్.

ఆవిడ తాళాల గుత్తి బ్యాగులో వేసుకుంది. జిప్పు ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క ఊపులో లాగింది. ఆ చప్పుడు గదంతా గీత గీసినట్టు వినిపించింది. లేచి, కుర్చీని వెనక్కి సర్ది, తలుపు దగ్గర ఆగింది.

"కొట్టు తీసే వేళయింది. వాళ్ళకి ఇవ్వనని చెప్పేస్తాను." మొగుడితో కాదు, ఎవరితోనూ కాదన్నట్టు అంది. తరువాత కౌన్సిలర్ బ్యాగు వంక చూసింది. "మీ జిప్పు ఎప్పటి నుంచో అలా నోరు తెరుచుకునే ఉంది. తీసుకురండి. ఊరికే మాత్రం కుట్టను."

మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు తొందర లేకుండా దిగిపోయింది. అతను కూర్చునే ఉన్నాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?"

"నాకు తెలియదు" అంది కౌన్సిలర్. ఆ స్టూలు మీద కూర్చుని ఆ మాట అనడం అదే మొదలు. అతను తల ఊపాడు, ఏదో కాస్త తేలికపడ్డవాడిలా. వెళ్ళేటప్పుడు లిఫ్టెక్కాడు.

టోకెన్ల ఆవిడ వచ్చి గుమ్మానికి ఆనుకుంది. "ఏం చేశారు మేడమ్? ఆవిడేమో కళ్ళు పొడిగానే వెళ్ళిపోయింది. ఏడిచినట్టు మీరున్నారు."

"తలుపు దగ్గరికి వెయ్యండి. కాసేపు ఎవర్నీ పంపకండి."

తొడల కింద నలిగిన చేతుల్లోంచి తిమ్మిరి మోచేతుల దాకా పాకింది. మంచి పని చేశానా, పాడు చేశానా అన్నది తేలలేదు. తేలుతుందని కూడా అనిపించలేదు. ఎవరిదో సామాను తెచ్చి ఎవరి గుమ్మంలోనో దించి, వెనక్కి తిరిగి చూసుకుంటే తన చేతులు ఖాళీగా ఉన్నట్టుంది, అంతే. మధ్యాహ్నం మరో ఇద్దరు వచ్చారు, వెళ్ళారు. ఏం చెప్పిందో గుర్తులేదు. తక్కువే చెప్పింది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో బ్యాగు మీద చేతులు పెట్టుకుని, అమ్మకి చెప్పవలసిన మాట కూడదీసుకుంది. అమ్మా తనూ వాడే సైగలు ఏ బళ్ళోనూ నేర్పినవి కావు. ఇద్దరూ కలిసి అల్లుకున్నవి. నాన్న అంటే మెడ దగ్గర గుండీ పెట్టుకున్నట్టు రెండు వేళ్ళు. అన్నాడు అంటే పెదవుల నుంచి వేలు బయటికి. రాను అన్న సైగ పాలవాడికీ, పనిమనిషికీ, వానకీ ఎన్నోసార్లు వాడారు. ఆ గుండీ పక్కన మాత్రం ఎన్నడూ పెట్టలేదు. పెట్టి చూసింది. ఒకసారి, ఇంకోసారి. పక్కనున్న ముసలాయన కాస్త జరిగి కూర్చున్నాడు.

అమ్మకి తెలిసే ఉంటుంది. ఎప్పుడు తెలిసిందో అడగాలి. తెలిసి కూడా అన్నేళ్ళు ఆ బల్బు కింద వంట ఎందుకు చేసిందో అడగాలి. కాదు, ముందు తను చెప్పాలి. ఆ తరువాతే అడగడం.

వీధి తలుపు దగ్గర అలవాటు కొద్దీ గంట నొక్కింది. తాళం చెవి చేతిలోనే ఉంది. అయినా నొక్కకుండా ఎన్నడూ లోపలికి వెళ్ళలేదు. ఉన్నట్టుండి వెనక నుంచి వెళితే అమ్మ అదిరిపడుతుంది. నొక్కినప్పుడల్లా వంటింటి కిటికీ గరుకు అద్దం మీద ఎర్రటి మరక పడేది. ఇవాళ పడలేదు. మళ్ళీ నొక్కింది. కరెంటు లేదేమో అనుకుంది. ఎదురింట్లో దీపం ఉంది.

తలుపు తీసుకుని వెళ్ళింది.

వంటింటి గోడ మీద హోల్డరు ఖాళీగా ఉంది. అమ్మ కుర్చీ ఎప్పుడూ ఉండే చోట లేదు. గోడకి వీపు పెట్టి, కిటికీ వైపు తిప్పి ఉంది. అమ్మ అందులో కూర్చుని ఉంది. తల కొంచెం పక్కకి వాలింది. సాయంకాలపు వెలుతురు తిన్నగా మొహం మీద పడుతోంది.

కూతురు చుట్టూ తిరిగి ఎదుటికి వచ్చి నిలబడింది, ఎప్పటిలాగే, కనిపించేలా. కళ్ళు మూసుకుని ఉన్నాయి. చుక్కలు వేసుకుందేమో అనుకుని కాసేపు ఆగింది. ఆగుతూ, ఒళ్ళో ఉన్న చేతులు చూసింది.

అమ్మ చేతులు నిద్రలో కూడా ఊరుకోవు. దుప్పటి మీద వేళ్ళు ఎవరితోనో ఏవో అంటూనే ఉంటాయి. చిన్నప్పుడు పిల్ల మెలకువ వచ్చి, ఆ గొణుగుడు చూస్తూ మళ్ళీ నిద్రపోయేది. ఇప్పుడు రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి, చెప్పవలసింది అయిపోయినట్టు ఉన్నాయి.

ఆమె నేల మీద కూర్చుంది. తన మణికట్టు తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. ఆ వేళ్ళు మూసుకోలేదు. చల్లగా, బరువుగా, పెట్టినచోటే ఉన్నాయి. బయట ఎవరో సైకిలు స్టాండు వేశారు. వెలుతురు ఇంకా ఉంది. అది పోకముందే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, మొహం కిటికీ వైపు ఉండేలా జరిగి, మెడ దగ్గర రెండు వేళ్ళతో గుండీ పెట్టింది. పెదవుల నుంచి వేలు బయటికి తీసింది. తరువాత మూడో సైగ చేసింది, దేన్నీ కలపకుండా, దేన్నీ తియ్యకుండా.

బల్ల మీద, కంటి మందు సీసా పక్కన, స్టీలు గ్లాసులో ఎర్ర బల్బు తలకిందులుగా నిలబడి ఉంది. ఇన్నేళ్ళ జిడ్డూ తుడిచేసి ఉంది, లోపలి తీగ తెగలేదు.